వీపులోంచి గొట్టం

మా ఆయన పేరయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప పైకి లేవడు. నీళ్ళు తాగితే ఒంటికి లేవాలి, లేస్తే ఊపు పోతుంది, ఊపు పోతే నేత ఒకచోట పలచన, ఒకచోట గట్టి అవుతుంది. ఇదీ ఆయన వాదన. పక్కన చెంబు నిండా నీళ్ళు పెట్టి వస్తాను. సాయంత్రం చూస్తే చెంబు అలాగే ఉంటుంది, మీద రెండు నూలు పోగులు తేలుతుంటాయి. ముప్పై ఏళ్ళు అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మా ఈపురుపాలెం నేత వీధుల్లో ఇది కొత్త జబ్బేమీ కాదు. నడుములో పోటు వస్తే ఉలవకట్టు తాగిస్తాం, అరటిదూట రసం పోస్తాం, రాయి పడిపోయిందని చెప్పుకుని మళ్ళీ గుంటలో దిగుతాం. అందుకే ఆషాఢంలో ఆయనకు ఎడమ పక్క పోటు మొదలైనప్పుడు నేనూ ఉలవలే పొయ్యి మీద పెట్టాను. మూడు రోజులు అలా గడిచాయి. నాలుగో రోజు ఒంటికి రావడం దాదాపు ఆగిపోయింది. ఐదో రోజు పొద్దున్నే చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పి నేను మీద పడి పట్టుకున్నా మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది.

మా అమ్మాయి సాయి సుధ బాపట్లలో ఉంటుంది, ఒక స్కూల్లో ఆఫీసు పని చేస్తుంది. ఫోన్ చేస్తే ఉన్నపళాన ఆటో ఎక్కించుకుని వచ్చెయ్యమంది. అక్కడ స్కాన్ తీసిన డాక్టరు తెర వంక చూస్తూ చాలాసేపు పలకలేదు. నాకు ఒకచోట కుదురుగా నిలబడడం చేతకాదు, ఎదుటివాళ్ళు పలక్కుండా ఉంటే అసలు ఓర్చుకోలేను.

"ఏంటండీ, ఏదో ఒకటి చెప్పండి" అన్నాను.

"ఈయన కుడి కిడ్నీ ఎప్పుడో ఎండిపోయిందమ్మా. ఇన్నేళ్ళూ ఎడమదాని మీదే బతుకుతున్నాడు. ఇప్పుడు దాని కింద దారికి రాయి అడ్డం పడింది. పైన చీము పట్టింది. ఇది ఇక్కడయ్యే పని కాదు. ఇంటికి పోయి ఆలోచించుకుంటాం అనకండి. ఇటునుంచి ఇటే తెనాలి తీసుకెళ్ళండి."

ఉన్నది ఒక్కటే, అదీ చీములో మునిగింది. సాయి సుధ కారు మాట్లాడింది. దారిలో రైల్వే గేటు పడింది. నేను కారు దిగి గేటు దాకా నడిచాను, మళ్ళీ వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. నేను అటూ ఇటూ తిరిగితే రైలు తొందరగా వస్తుందన్నట్టు. కార్లో ఆయన మా అమ్మాయి భుజం మీద తల వాల్చి ఏదో గొణుగుతున్నాడు. దగ్గరికి పోయి వింటే పడుగులో ఎన్ని గజాలు మిగిలిందో లెక్క చెబుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

తెనాలి ఆస్పత్రిలో మూత్రపిండాల డాక్టరు రమేష్ బాబు గారు. సన్నగా, పొడుగ్గా, నిద్ర చాలని కళ్ళతో ఉంటాడు. స్కాన్ కవరు వెనక్కి తిప్పి పెన్నుతో బొమ్మ గీశాడు.

"రాయి సంగతి తర్వాత. కాలవకి దుంగ అడ్డం పడితే ముందు ఏం చేస్తారు? గండి కొట్టి నీళ్ళు వదులుతారు. లేకపోతే చేను కుళ్ళిపోతుంది. ఇదీ అంతే. నీళ్ళు వదలడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒంటికి వచ్చే దారిలోంచే కెమెరా పంపించి, రాయి పక్కగా సన్నటి స్టెంటు ఎక్కించడం. అది లోపలే ఉండిపోతుంది, బయటికి ఏమీ వేలాడదు. రెండోది, వీపు పక్కన సూదిమందు ఇచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ నేరుగా కిడ్నీలోకి గొట్టం వెయ్యడం. అది బయట సంచిలోకి కారుతుంది."

"లోపలిదే వెయ్యండి సార్" అంది సాయి సుధ. కారులోనే ఫోన్లో చదివేసింది అది. "లోపలిదైతే స్నానం చెయ్యొచ్చంట, పని చేసుకోవచ్చంట."

"చేసుకోవచ్చు. కాకపోతే కదిలినప్పుడల్లా లోపల గీరుకుంటుంది, మంట ఉంటుంది, ఊరికూరికే ఒంటికి పోవాలనిపిస్తుంది, ఒక్కోసారి రక్తం పడుతుంది. బయటిదైతే ఆ బాధ తక్కువ గాని, సంచి మోసుకు తిరగాలి, పొరపాటున లాగితే జారిపోతుంది. రెండింటి పనీ ఒకటే అమ్మా. ఇదే గొప్ప, అదే గొప్ప అని ఎవరూ చెప్పలేరు. మనిషిని బట్టి, ఆ పూటని బట్టి."

"ఈ పూటకి ఏదండీ?" అన్నాను.

"మీవారికి బీపీ నిలవట్లేదు. స్టెంటుకి మత్తివ్వాలి, రాయి పక్కనుంచి తోసుకుంటూ పోవాలి. ఇంత చీములో తోస్తే అది రక్తంలోకి ఎక్కుతుందని నా భయం. వీపులోంచే వేద్దాం."

అరగంటలో అయిపోయింది. సంచిలోకి వచ్చింది చూసి సాయి సుధ బయటికి వెళ్ళిపోయింది. చిక్కటి గంజిలా ఉంది. నేను మాత్రం చూస్తూనే నిలబడ్డాను. అది బయటికి పోతున్నకొద్దీ ఆయన మొహంలోకి మనిషి కళ వస్తోంది. మూడో రోజుకి జ్వరం దిగింది. ఐదో రోజుకి సంచిలో పచ్చటి నీళ్ళు. మూడు నాలుగు వారాలు కిడ్నీ తేరుకున్నాక వస్తే రాయి తీసేస్తామన్నారు.

పంపించేటప్పుడు సిస్టర్ ఫ్లోరెన్స్ నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. రేపల్లె పిల్ల, రోజూ పొద్దున పాసింజర్లో తెనాలి వస్తుంది. మాట మెత్తన, చెయ్యి గట్టి.

"సంచి ఎప్పుడూ నడుం కంటే కిందనే ఉండాలి పిన్నిగారూ. గొట్టం మెలిక పడకూడదు. రోజుకి ఎంత వస్తుందో రాసి పెట్టండి. ఏం జరిగినా సరే, దీన్ని మూయొద్దు. బాబాయిగారికి వేరే దారి లేదు, గుర్తుపెట్టుకోండి."

"మూస్తానా అమ్మాయ్, నాకేమన్నా పిచ్చా?" అన్నాను నవ్వుతూ.

ఇంటికొచ్చాం. ఆయన మగ్గం గది దాకా నడిచి గడప దగ్గర ఆగిపోయాడు. మా ఇళ్ళల్లో మగ్గమంటే చెక్క సామాను కాదు, అమ్మవారు. శుక్రవారం శుక్రవారం దానికి దీపం పెడతాం, దండం పెట్టుకోకుండా కాళ్ళు గుంటలో పెట్టం. మైల మనిషి పడుగు ముట్టుకోకూడదు. ఇక ఒంటి నీళ్ళు మోస్తున్న మనిషి గుంటలో దిగడమా? సంచి గుంటలో వేలాడేసుకుని అమ్మవారి ఎదురుగా కూర్చోవడమా? అది అడగాల్సిన ప్రశ్న కూడా కాదు మా వాళ్ళకి. ఆయన గడప ఇవతల చాప వేసుకుని కూర్చున్నాడు. సంచి పక్కన, మొహం మగ్గం వైపు.

ఉన్నమాట చెబుతాను, మొదటి రోజు నాకు లోపల చిన్న సంతోషం కలిగింది. ఎన్నేళ్ళు నేను ఆ గడప ఇవతల నిలబడలేదు? నెలకు మూడు రోజులు నూలు చుట్టిన కండెల బుట్ట చేతికివ్వకుండా నేల మీద పెట్టి జరిపేదాన్ని. ఇంట్లో నూలంతా నా చేతుల మీదుగా పోవాలి గాని, ఆ మూడు రోజులూ మాత్రం నా నీడ పడకూడదు. ఇప్పుడు తెలిసిందా గడప ఇవతల ఎలా ఉంటుందో అనుకున్నాను. అనుకున్నందుకు రెండో రోజుకే సిగ్గేసింది. ఆయన మొహం అలా ఉంది మరి. తిండి సహించదు, నిద్ర పట్టదు, చాప మీద అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు. వీధిలో అందరి మగ్గాలూ ఆడుతుంటే మా ఇంట్లో గోడలు నన్ను మింగడానికొస్తున్నట్టుండేది. నేను ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి తిరుగుతూ ఉండేదాన్ని.

గొట్టం వేసిన పదకొండో రోజు శుక్రవారం. శ్రావణం ముంచుకొస్తోంది, పడుగు మీద చీర సగంలో ఉంది. పొద్దున దీపం పెట్టి ఇవతలికి వస్తుంటే ఆయన నా కొంగు పట్టుకున్నాడు.

"విశాలం, ఒక్క గంట కట్టు."

"ఏంటి కట్టేది?"

"ఈ గొట్టం. సంచి ఊడదీసి పెరట్లో పెట్టు. కొస మడిచి నూలుతో బిగించి కట్టు, చుక్క పడకుండా. స్నానం చేసినట్టు ఒళ్ళు తుడుచుకుని కూర్చుంటా. గంటలో లేస్తా."

"సిస్టరు మూయొద్దంది."

"ఎప్పటికీ మూయొద్దంది. గంటకి ఏమయిద్ది? నువ్వు పొద్దున్నించి సాయంత్రం దాకా ఒంటికి పోకుండా ఊరి ప్రయాణం చెయ్యట్లా?"

నాకది సబబుగానే తోచింది. ముడి వెయ్యడం నాకు కొత్తా? తెగిన పోగు కనపడితే కళ్ళు మూసుకుని అతుకు వేస్తాను. సంచి తీశాను. గొట్టం కొస రెండు మడతలు పెట్టాను. పేక నూలు నాలుగు పోగులు కలిపి బిగించాను. లాగి చూశాను, చుక్క రాలేదు. బాగా కట్టావు అన్నాడు ఆయన. నాకు సంతోషం కూడా వేసింది.

మగ్గం ఆడింది. పదహారు రోజుల తర్వాత మా ఇంట్లో ఆ చప్పుడు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. కాలు నిలవని దాన్ని, ఆ పొద్దున కదలకుండా కూర్చున్నాను. గంటయింది. నాకు తెలుసు గంటయిందని. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. లేచి చెప్పాలి. ఇంకో రెండు కండెలు అయ్యాక చెబుదాం అనుకున్నాను. రెండు గంటలయింది. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ చప్పుడు ఆగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకంటే వేరే కారణం ఏమీ లేదు. మూడు గంటలు దాటాక చప్పుడు దానంతట అదే ఆగింది. నేను పోయేసరికి ఆయన గుంటలో కూర్చుని మగ్గం పలక మీద తల ఆనించి ఉన్నాడు. పళ్ళు కటకటలాడుతున్నాయి.

కత్తెరతో నూలు కోశాను. కొస విప్పగానే ఒక్కసారి చిమ్మింది, బూడిదరంగు నీళ్ళు, వాసన. అవి పడుగు మీద పడ్డాయి, నా చీర మీద పడ్డాయి. మైల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. తర్వాత చుక్క చుక్కగా మారింది. మడత పెట్టిన చోట గొట్టం నొక్కుకుపోయి తెరుచుకోవడం లేదు. వేళ్ళతో నలిపాను. సంచి తగిలించాను. వీధిలో వాళ్ళు కారు తెచ్చారు. బాపట్ల దాటుతుంటే సాయి సుధ స్కూలు నుంచి వచ్చి ఎక్కింది. ఏం జరిగిందమ్మా అని అడిగింది. ఏమో, ఉన్నట్టుండి చలి వచ్చింది అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలీదు.

తెనాలిలో మళ్ళీ అదే మంచం వరస. ఫ్లోరెన్స్ గొట్టం పట్టుకుని చూసింది.

"ఇదేంటి పిన్నిగారూ, ఇక్కడ ఇలా నొక్కుకుపోయింది?"

నేను నోరు తెరిచేలోపు ఆయన అందుకున్నాడు. "పక్క మీద పడుకున్నానమ్మా. దాని మీద పడుకున్నా."

డాక్టరు గారు వచ్చాడు. సిరంజితో ఉప్పునీళ్ళు ఎక్కించి వెనక్కి లాగాడు. కొంచెం వచ్చింది, ముద్దలు ముద్దలుగా.

"ఎప్పట్నుంచి తగ్గింది?"

"రెండు రోజులైందండి" అన్నాడు మా ఆయన. ఒణుకుతూనే ఎంత నిబ్బరంగా చెప్పాడో! "రెండు రోజుల్నించీ ఇంతే. వస్తది, ఆగుద్ది. దీని పని అయిపోయిందండి. నాకు లోపలిది పెట్టండి."

నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. రాసి పెట్టిన కాగితం నా చేతిసంచిలో ఉంది. నిన్న ఎంత, మొన్న ఎంత అని అన్నీ ఉన్నాయి. నిన్న ఒకటిన్నర లీటరు.

డాక్టరు గారు పెదవి విరిచాడు. "ఊరికే పూడుకుపోయే గొట్టాన్ని నమ్ముకుని ఇంటికి పంపలేను. మార్చినా ఇదే గొడవ. సరే, స్టెంటు వేద్దాం. కాకపోతే అమ్మా, ఇప్పుడు బీపీ తొంభై కూడా లేదు. జ్వరం ఉంది. మత్తు ఇవ్వడమూ ప్రమాదమే, తోయడమూ ప్రమాదమే. వేరే దారి లేదు కాబట్టి వేస్తున్నాను. కాగితం మీద సంతకం పెట్టండి, గంటలో తీసుకెళ్తాం" అని వెళ్ళాడు.

సాయి సుధ కాగితం తేవడానికి కౌంటరు దగ్గరికి పోయింది. ఆయన నా చెయ్యి గుంజి దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పమాక."

"రెండు రోజులని ఎందుకన్నావయ్యా?"

"అట్టా అంటేనే లోపలిది పెడతారు. ఈ సంచి పీడ వదులుద్ది. నువ్వు కట్టావని తెలిస్తే నిన్ను నాలుగు తిడతారు. ఎందుకొచ్చిన గొడవ?"

"మత్తు ప్రమాదమన్నాడు."

"అట్టాగే అంటారు వాళ్ళు. అందరితోనూ అంటారు."

బయటికొచ్చాను. ఆ వరండా ఈ చివర మంచినీళ్ళ మిషను, ఆ చివర మెట్లు. మధ్యలో ముప్పై నాలుగు అడుగులు. ఆ పూట ఎన్నిసార్లు కొలిచానో నాకే తెలీదు. కుర్చీల్లో కూర్చున్న వాళ్ళు నన్ను చూడడం మొదలుపెట్టారు. ఒకామె, "కూర్చోవమ్మా, పోయేది పోక మానదు, ఉండేది పోదు" అంది. ఆమె మీద అరవబోయి ఆగాను.

నా భయం రెండు రకాలుగా ఉంది. దాచుకోకుండా చెప్పాలంటే మొదటి భయం ఆయన గురించి కాదు, నా గురించే. సాయి సుధ ముందు, ఆ ఫ్లోరెన్స్ పిల్ల ముందు, మూస్తానా నాకేమన్నా పిచ్చా అన్న నోటితో, మూశానని చెప్పాలి. మూసి, గంట అయ్యాక కూడా తెలిసి తెలిసి ఊరుకున్నానని చెప్పాలి. చెప్పకపోతే నన్ను ఎవరూ ఏమీ అనరు. ఆయన కోరిందీ ఆయనకి దొరుకుతుంది. లోపల స్టెంటు పెట్టుకుని, సంచి లేకుండా, దండం పెట్టి గుంటలో దిగుతాడు. అన్నీ బాగానే ఉంటే. ఆ ఒక్క మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోతున్నాయి. గొట్టంలో ఏ తప్పూ లేదు. తప్పంతా నూలుది. లేని తప్పు కోసం ఆ మనిషిని, ఆ ఒంటి కిడ్నీ మనిషిని, బీపీ లేని పూట బల్ల మీద పడుకోబెడుతున్నారు.

సాయి సుధ కాగితం పట్టుకుని వచ్చింది. "ఇక్కడమ్మా, ఇక్కడ పెట్టు. తొందరగా."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. వి అని రాశాను. తర్వాత చెయ్యి సాగలేదు.

"డాక్టరు గార్ని పిలువు" అన్నాను.

"ఇప్పుడే గదమ్మా ఆయన వెళ్ళింది. సంతకం పెట్టి మాట్లాడు."

"పిలుస్తావా, నన్ను పొమ్మంటావా?"

నేనే పోయాను. డాక్టరు గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆగమని చెయ్యి చూపించాడు. నేను ఆగలేదు. "అయ్యా, ఆ గొట్టం పూడుకుపోలేదండి. నేను కట్టేశాను" అన్నాను. ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాడు. తొమ్మిదింటికి కట్టానని చెప్పాను. ఎందుకు కట్టానో చెప్పాను. నాలుగు పోగుల నూలని చెప్పాను. గంట దాటాక తెలిసి కూడా ఊరుకున్నానని చెప్పాను. రాసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాను. వెనకాల ఫ్లోరెన్స్ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల పక్కన సాయి సుధ.

డాక్టరు కాగితంలో ఒక్కో రోజూ వేలు పెట్టి చదివాడు. చదివాక కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు.

"మీరు ఇంకో గంట తర్వాత చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా?"

"తెలీదండి."

"నాకూ తెలీదు. తెలుసుకునే అవసరం లేకుండా చేశారు." ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు. "స్టెంటు వద్దు. సన్నటి వైరు లోపలికి పంపి దాని మీదుగా ఈ గొట్టమే మారుస్తాను, దానికి మత్తు అక్కర్లేదు. మందులు మార్చి చూద్దాం. కిడ్నీ ఎంత దెబ్బ తిందో రెండు రోజుల్లో రక్తపరీక్ష చెబుతుంది. అప్పటిదాకా నేనేమీ హామీ ఇవ్వలేను."

సాయి సుధ సంతకం కాగితం మడిచి పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. ఫ్లోరెన్స్ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి, ట్రే తీసుకుని లోపలికి పోయింది.

కొత్త గొట్టం వేసి ఆయన్ని మంచం మీదికి తెచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. కిటికీలోంచి ఎండ ఇంకా పడుతూనే ఉంది, కింద ఆటోల మోత. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెప్పావన్నమాట అని కూడా అనలేదు. నేను సంచి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చుక్కలు పడుతున్నాయి. గులాబి రంగుగా, తర్వాత బూడిదగా.

"విశాలం."

"ఊ."

"లోపలిది ఎందుకు కావాలన్నానో తెలుసా?"

"తెలీకేం? మగ్గం కోసం."

"మగ్గం ఒక సాకు." గోడతోనే మాట్లాడుతున్నాడు. "పొద్దున లేవంగానే ఆ సంచి కనపడుద్ది. నువ్వు ఎంత వచ్చిందో చూసి రాస్తావు. రాసేటప్పుడు నీ మొహం చూస్తా నేను. ఒకరోజు కాస్త తగ్గితే, ఇయ్యాళ్టితో అయిపోయిందేమో అనిపిస్తది. లోపలుంటే ఏదీ కనపడదు గదా. కనపడకపోతే ఏముందిలే అనుకుని బతకొచ్చు. భయమేస్తందే నాకు."

ఆయన భయం అన్న మాట నా దగ్గర ఎప్పుడూ అనలేదు. మా అత్తగారు పోయినప్పుడు అనలేదు, తుపానులో ఇల్లు కూలినప్పుడు అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా భయపడతాడని మింగాను.

"నాకు తలకిందులు అయ్యా. కనపడకపోతే నాకు పిచ్చెక్కుద్ది. ఇది పడుతుంటే నువ్వున్నావని తెలుస్తంది. ఆ మూడు గంటలూ ఏమీ కనపడకుండా చేసింది నేను. ఆ పాపం నాది."

"ఇద్దరిదీ" అన్నాడు.

కాసేపటికి మెల్లగా ఇటు తిరిగాడు. తిరిగేటప్పుడు గొట్టం లాక్కోకుండా నేను పట్టుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచి వైపు చూడబోయి చూపు తిప్పుకున్నాడు.

"దాన్ని నీ వైపే పెట్టుకో. నేను చూడను. అడిగినప్పుడు మాత్రం ఎంతయితే అంత చెప్పు. పెంచి చెప్పమాక."

"తగ్గినా?"

"తగ్గినా."

సంచి నా వైపు తగిలించాను. నర్సులు గంట గంటకీ కొలిచి పోతున్నారు, గంటకి యాభై ఎమ్మెల్ అన్నా పడితే మంచిదన్నారు. ఆరున్నరకి ఆయన కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఎంతే?"

వంగి గీత చూశాను. మళ్ళీ చూశాను. యాభై అనాలని నోటి చివరిదాకా వచ్చింది.

"ముప్పై" అన్నాను.

ఆయన దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసి నా వేళ్ళు పట్టుకున్నాడు. అరచెయ్యి ఇంకా కాలుతోంది.

"ఇంకో గంటకి మళ్ళీ అడుగుతా" అన్నాడు.